కత్తి మీది అక్షరాలు

మీ ఇంట్లో ఇత్తడి బిందె ఉందా? పోనీ, స్టీలు డబ్బా ఉందా? దాన్ని ఒకసారి తిప్పి చూడండి. అంచు దగ్గర చిన్న చిన్న చుక్కలతో పేరు చెక్కి ఉంటుంది. కొన్నిటి మీద పెళ్ళి తేదీ కూడా ఉంటుంది. మేనమామ చదివించిన బిందె, మేనత్త ఇచ్చిన గంగాళం, పక్కింటివాళ్ళు పెట్టిన పళ్ళెం. అన్నిటి మీదా పేర్లే. చదువు రాని రోజుల్లో అవి ఉత్త చుక్కలు. ఇప్పుడు వాటిని చదవవచ్చు. ఎవరిచ్చారో, ఏ సంవత్సరంలో ఇచ్చారో బిందే చెబుతుంది.

బ్రిటన్ దేశంలో కొందరు కత్తులను ఇలాగే చదువుతారు. కూరగాయల కత్తులు కావు. సైనికులు నడుముకు కట్టుకున్న పాత కత్తులు. వాటిని వెతికి, కొని, ఇంట్లో దాచుకోవడం వాళ్ళకు సరదా. కత్తి చేతికి రాగానే వాళ్ళు పదును చూడరు. అక్షరాలు వెతుకుతారు. పిడి దగ్గర, వెన్ను మీద, ఒర మూతి దగ్గర, ఎక్కడో ఒకచోట ఏదో రాసి ఉంటుంది. ఆ రాత ఉంటే కత్తి ఎవరిదో తెలుస్తుంది. రాత చెరిగిపోతే అది మూరెడు ఇనుము, అంతే.

ఎక్కడివి ఇన్ని కత్తులు?

బ్రిటన్ చిన్న దేశం. కాని 1700ల నుంచి 1900ల దాకా దానికి ఎక్కడ చూసినా యుద్ధాలే. ఫ్రాన్సుతో యుద్ధం. రష్యాతో యుద్ధం. ఆఫ్రికాలో యుద్ధం. మన దేశంలోనూ యుద్ధాలు. తుపాకులు అప్పటికే వచ్చాయి. అయినా గుర్రం మీద పోరాడేవాడికి కత్తి తప్పలేదు. ఆ రోజుల్లో తుపాకి ఒకసారి పేలిస్తే మళ్ళీ మందు కూరాలి, గుండు వేయాలి. గుర్రం పరిగెత్తుతుంటే అది కుదిరే పనేనా? ఆఫీసర్లకైతే కత్తి హోదాకు గుర్తు. కత్తి లేని ఆఫీసరు, తలపాగా లేని పెద్దమనిషి ఒకటే.

అందుకని కత్తులు వేలకు వేలు తయారయ్యాయి. బర్మింగ్‌హాం అనే ఊరు ఈ పనికి పేరుపడింది. లండన్‌లో అమ్మే దుకాణాలు ఉండేవి. తర్వాత కాలం మారింది. మర తుపాకులు వచ్చాయి. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కందకాల్లో దాక్కుని పోరాడారు. అక్కడ కత్తి దూసే చోటే లేదు. కత్తులు అటకలెక్కాయి.

ఇందులో ఒక వింత ఉంది. బ్రిటన్ సైన్యం గుర్రపు దళానికి 1908లో ఒక కొత్త కత్తి ఇచ్చింది. నిటారుగా ఉండి పొడవడానికి పనికొచ్చే కత్తి. గుర్రపు కత్తుల్లో ఇదే మేలైనదని తెలిసినవాళ్ళు చాలామంది అంటారు. మేలైన కత్తి తయారయ్యేసరికి కత్తితో పనే తీరిపోయింది.

ఇప్పుడు ఆ కత్తులు కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి. లీడ్స్ అనే ఊళ్ళో ఆయుధాల కోసమే 1996లో పెద్ద మ్యూజియం తెరిచారు. దాని పేరు రాయల్ ఆర్మరీస్. మిగిలినవి వేలం పాటల్లో, పాత సామాన్ల సంతల్లో చేతులు మారుతుంటాయి. కొనేవాళ్ళందరూ జమీందార్లు కారు. మామూలు కత్తి కొన్ని వందల పౌన్లకు దొరుకుతుంది. పౌను అంటే బ్రిటన్ వాళ్ళ డబ్బు.

1788కి ముందు ఒక్కో పటాలం తనకు నచ్చిన కత్తి చేయించుకునేది. ఆ ఏడు సర్కారు గుర్రపు దళాలకు నమూనాలు పెట్టింది. పిడి ఇలా ఉండాలి, పొడవు ఇంత ఉండాలి అని. తర్వాత 1796లో మరో నమూనా. 1821లో, 1853లో, 1908లో ఇంకా మార్చారు. వరి వంగడాలను నంబర్లతో పిలిచినట్టు, కత్తులను ఈ సంవత్సరాలతో పిలుస్తారు. ఇది 1796 కత్తి, అది 1853 కత్తి అంటారు. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. అది నమూనా పుట్టిన సంవత్సరం. చేతిలో ఉన్న కత్తి పుట్టిన సంవత్సరం కాదు. 1796 నమూనా కత్తిని 1810లో కూడా చేశారు. కొత్తగా కత్తులు కొనేవాళ్ళు ముందుగా బోల్తాపడేది ఇక్కడే.

పదివేల కత్తుల బేరం

ఈస్టిండియా కంపెనీ పేరు వినే ఉంటారు. సరుకులు కొనడానికి వచ్చి మన దేశాన్నే ఏలిన కంపెనీ. 1786లో ఆ కంపెనీకి గుర్రపు దళాల కోసం 10,000 కత్తులు కావలసి వచ్చాయి.

అప్పట్లో జర్మనీ దేశంలోని సోలింగెన్ కత్తులకు మంచి పేరు. ఇంగ్లండు కత్తులు దెబ్బకు విరుగుతాయనీ, వంగితే వంకరగానే ఉండిపోతాయనీ చెప్పుకునేవారు. లండన్ వ్యాపారులు జర్మనీ సరుకే తెప్పిస్తామన్నారు. బర్మింగ్‌హాంలో కత్తులు చేసే థామస్ గిల్‌కు ఇది నచ్చలేదు. తన కత్తులు జర్మనీ కత్తులకు తీసిపోవని అన్నాడు. మాటలెందుకు, పరీక్ష పెట్టమన్నాడు.

పరీక్ష పెట్టారు. ఒక యంత్రంలో ఒక్కో కత్తినీ విల్లులా వంచారు. విరిగితే పక్కన పడేశారు. వంగి మళ్ళీ నిటారు కాకపోయినా పక్కన పడేశారు. లెక్క ఇలా తేలింది. గిల్ ఇచ్చిన 2,650 కత్తుల్లో పనికిరానివి 4 మాత్రమే. జర్మనీ కత్తులు 1,400. వాటిలో 28 పనికిరాలేదు. మిగతా ఇంగ్లండు పనివాళ్ళు ఇచ్చినవి 2,700. వాటిలో 1,084 పోయాయి. అంటే వందకు 40. ఆ కత్తి పట్టుకుని యుద్ధానికి వెళ్ళిన సైనికుడి గతి ఏమిటో ఊహించండి.

మిక్సీ కొంటే వారంటీ కార్డు ఇస్తారు కదా. గిల్ ఆ వారంటీని కత్తి మీదే చెక్కించేవాడు. ఈ రోజు సంతలో పాత కత్తి మీద గిల్ పేరు కనబడితే కొనేవాడి గుండె వేగంగా కొట్టుకుంటుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ మాటకు విలువ పోలేదు.

కొడవలి వంపు కత్తి

1793 నుంచి 1795 దాకా బ్రిటన్ సైన్యం ఫ్రాన్సు సైన్యంతో ఫ్లాండర్స్ ప్రాంతంలో పోరాడింది. ఆ సైన్యంలో జాన్ గాస్పార్డ్ లె మర్చంట్ అనే ఆఫీసరు ఉన్నాడు. గుర్రపు సైనికులు కత్తి తిప్పడం చూసి అతను నివ్వెరపోయాడు. వాళ్ళు శత్రువును కొట్టబోయి తమ గుర్రాలనే గాయపరిచేవారు. తమ కాళ్ళే కోసుకునేవారు. కత్తి బరువు సరిగా లేదు. నేర్పేవాడూ లేడు.

లె మర్చంట్ తిరిగి వచ్చి బర్మింగ్‌హాంలో హెన్రీ ఆస్బోర్న్ అనే కత్తుల పనివాడితో కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి కొత్త కత్తికి రూపం ఇచ్చారు. అదే 1796 తేలిక గుర్రపు దళం కత్తి. ఉక్కు భాగం పొడవు సుమారు 33 అంగుళాలు. అది కొడవలిలా వంగి ఉంటుంది. మొన వైపు వెళ్ళేకొద్దీ సన్నబడదు, వెడల్పవుతుంది. అందుకే దెబ్బ గట్టిగా దిగుతుంది. కత్తి ఎలా తిప్పాలో నేర్పే పుస్తకం కూడా లె మర్చంటే రాశాడు. సైన్యం ఆ పద్ధతినే అందరికీ నేర్పింది. 1812లో స్పెయిన్ దేశంలో సాలమాంకా యుద్ధంలో అతను చనిపోయాడు.

1821లో ఈ నమూనా పోయి కొత్తది వచ్చింది. పాత కత్తులను సైన్యం తీసిపారేసింది. అవి ఏమయ్యాయి? కొన్ని మన దేశానికి వచ్చాయి. ఆ కథ హైదరాబాదు దాకా వస్తుంది.

నిజాం గుర్రపు దళం చేతిలో

లూయీ నోలన్ అనే బ్రిటిష్ ఆఫీసరు కొన్నేళ్ళు మద్రాసు సైన్యం వైపు ఉద్యోగం చేశాడు. గుర్రాలంటే, గుర్రపు దళాలంటే అతనికి ప్రాణం. 1853లో గుర్రపు దళం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో నిజాం కొలువులోని గుర్రపు సైనికుల సంగతి ఒకటి రాశాడు.

నిజాం సైనికులకూ రోహిల్లాలకూ ఒకచోట పోరు జరిగింది. తర్వాత డాక్టరు రాసిన గాయాల జాబితా నోలన్ చూశాడు. ఒక్క దెబ్బకు తెగిన చేతులు, ఒక్క దెబ్బకు తెగిన తలలు. బ్రిటిష్ సైనికుల కత్తులతో ఇలాంటి దెబ్బలు పడేవి కావు. వీళ్ళ దగ్గర ఏదో గొప్ప కత్తి ఉందనుకున్నాడు. తీరా చూస్తే అవి చాలావరకు బ్రిటిష్ సైన్యం పనికిరావని పారేసిన పాత కత్తులే.

మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఇక్కడి సైనికులు ఆ కత్తికి తమ పద్ధతిలో పిడి పెట్టించుకున్నారు. మంగలి కత్తిలా పదును పట్టించారు. ఇంకో ముఖ్యమైన పని చేశారు. ఇనుప ఒర తీసేసి చెక్క ఒర చేయించుకున్నారు. బ్రిటిష్ సైనికుడి ఒర ఇనుముది. రోజూ కవాతులో కత్తి దూయాలి, మళ్ళీ దోపాలి. దూసినప్పుడల్లా ఇనుముకు ఇనుము రాసుకుని పదును పోయేది. గుర్రం నడుస్తుంటే లోపల గలగలా కొట్టుకునేది. యుద్ధం నాటికి ఆ కత్తి కర్రతో సమానం.

ఈ సంగతి వంటింట్లో అందరికీ తెలుసు. కూరల కత్తిని గరిటెలతో, అట్లకాడలతో కలిపి స్టీలు డబ్బాలో పడేస్తే వారం రోజులకు వంకాయ కూడా తెగదు. నిజాం సైనికుడు తన కత్తిని అవసరం లేకుండా దూయనే లేదు. యుద్ధంలోనే దూశాడు. నోలన్‌కు కావలసిన జవాబు దొరికింది. తప్పు కత్తిలో లేదు, ఒరలో ఉంది.

నోలన్ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. 1854 అక్టోబరు 25న రష్యాతో జరిగిన బాలక్లావా యుద్ధంలో చనిపోయాడు. ఆ రోజు బ్రిటిష్ గుర్రపు దళం ఫిరంగులకు ఎదురెళ్ళి నాశనమైంది. ఆ దాడికి ఆజ్ఞ తీసుకువెళ్ళినవాడు నోలనే.

బర్మింగ్‌హాంలో చేసిన ఉక్కుకు మన దేశపు పిడి పెట్టిన కత్తులు ఇప్పటికీ సంతల్లో కనిపిస్తాయి. ఉక్కు మీద అక్కడి పనివాడి పేరు ఉండవచ్చు. పిడి పెట్టిన మన కమ్మరి పేరు మాత్రం ఉండదు. పని ఇద్దరిదీ.

పేరున్న కత్తి, నంబరున్న కత్తి

ఇప్పుడు రాతల సంగతికి వద్దాం. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు.

ఆఫీసరు తన కత్తి తన డబ్బుతో కొనుక్కునేవాడు. పెద్దింటి బిడ్డలే ఎక్కువగా ఆఫీసర్లు అయ్యేవారు. దుకాణానికి వెళ్ళి నచ్చినట్టు చేయించుకునేవాడు. ఉక్కు మీద లతలు, పువ్వులు, కిరీటం గీయించుకునేవాడు. తన పేరులోని అక్షరాలు, తన వంశం గుర్తు వేయించుకునేవాడు. బిందె మీద పేరు చెక్కించినట్టే.

మామూలు సైనికుడికి కత్తి సర్కారు ఇచ్చేది. అతను చనిపోతే, లేదా కొలువు మానేస్తే, అదే కత్తి ఇంకొకడికి ఇచ్చేవారు. అందుకని దాని మీద పేరు ఉండదు. పటాలం గుర్తు, దళం గుర్తు, ఒక నంబరు ఉంటాయి. ఈ కత్తి ఫలానా పటాలంలో, ఫలానా దళంలో, 24వ కత్తి అని. ఎవరి చేతిలో ఉందో దాని మీద రాయలేదు. యుద్ధంలో ముందు వరసలో నిలబడినవాళ్ళు వీళ్ళే. పేరున్న కత్తికి ధర ఎక్కువ. నంబరున్న కత్తికి తక్కువ. అయినా కొందరు నంబరున్న కత్తులనే కోరి కొంటారు. పటాలం తెలిస్తే ఆ పటాలం ఏ ఏ యుద్ధాలకు వెళ్ళిందో పుస్తకాల్లో చూడవచ్చు. ఆ కత్తి ఎక్కడెక్కడ తిరిగి ఉంటుందో కొంతవరకు తెలుస్తుంది.

చాలా కత్తుల మీద కిరీటం కింద రెండు అక్షరాలు ఉంటాయి. అవి ఆనాటి రాజు లేక రాణి గుర్తు. వి.ఆర్. అని ఉంటే విక్టోరియా రాణి. ఆమె 1837 నుంచి 1901 దాకా ఏలింది. ఇ.ఆర్. అని ఉండి పక్కన ఏడు అంకె ఉంటే ఏడవ ఎడ్వర్డు రాజు. అతని కాలం 1901 నుంచి 1910 దాకా. జి.ఆర్. అని ఉండి ఐదు అంకె ఉంటే ఐదవ జార్జి. అతని కాలం 1910 నుంచి 1936 దాకా. మన పాత వెండి రూపాయల మీద ఈ ముగ్గురి తలకాయలూ ఉన్నాయి. అమ్మమ్మల కాసుల పేరులో వాళ్ళను చూసినవాళ్ళు ఉంటారు.

ఎడ్వర్డు కాలం తొమ్మిదేళ్ళే కాబట్టి ఆ కత్తి వయసు చెప్పడం తేలిక. విక్టోరియాతోనే చిక్కు. 63 ఏళ్ళు ఏలింది. వి.ఆర్. అని ఉంటే సరిపోదు. నమూనా చూడాలి. అమ్మిన దుకాణం పేరు, వీధి పేరు చూడాలి. దుకాణం ఏ ఏళ్ళలో ఆ వీధిలో ఉండేదో తెలిస్తే వయసు తేలుతుంది.

ఇంకో గుర్తు ఉంది. మూడు గీతల బాణం. ముగ్గులో వేసే కోడి కాలులా ఉంటుంది. అది సర్కారు సొత్తు అని అర్థం. రెండు బాణాలు మొనలు కలిపి ఎదురెదురుగా ఉంటే, సర్కారు దాన్ని అమ్మేసిందని అర్థం. ఒక బాణం ఉంటే సర్కారుది, రెండు ఎదురుపడితే కొనుక్కున్నవాడిది. చదువు రాని సైనికుడికి కూడా తెలిసే గుర్తు ఇది.

మన దేశానికి పంపిన కత్తుల మీద ఐ.ఎస్.డి. అని మూడు అక్షరాలు ఉంటాయి. ఇండియాకు సరుకు పంపే శాఖ గుర్తు అది. బర్మింగ్‌హాంలోని మోల్ కంపెనీ ఇలాంటివి చాలా చేసింది. మన గుర్రపు సైనికులకు వంపు కత్తి ఇష్టం. బ్రిటన్‌లో ఆ వంపు పోయిన తర్వాత కూడా ఇండియా కోసం దాన్ని చేస్తూనే ఉన్నారు.

పుస్తకంలో దొరికే నంబరు

లండన్‌లో విల్కిన్సన్ అనే కంపెనీ ఉండేది. గడ్డం గీసుకునే బ్లేళ్ళ మీద ఈ పేరు చూసి ఉంటారు. బ్లేళ్ళకు ముందు అది తుపాకులు, కత్తులు చేసిన కంపెనీ. 1850ల నుంచి ఆఫీసర్ల కత్తుల వెన్ను మీద ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసింది. ఆ నంబరును పద్దు పుస్తకంలో ఎక్కించింది. ఏ తేదీన పరీక్ష చేశారు, ఎవరికి అమ్మారు అన్నీ రాసింది. ఆ పుస్తకాలు చాలావరకు ఇంకా ఉన్నాయి. కంపెనీ 2005లో కత్తులు చేయడం మానేసింది. పద్దు మాత్రం పనిచేస్తూనే ఉంది.

ఇలా అనుకోండి. ఇంగ్లండులో ఒక ముసలామె చనిపోయింది. కూతురు ఇల్లు సర్దుతోంది. అటక మీద తుప్పు పట్టిన కత్తి దొరికింది. పాత సామాన్లవాడు వచ్చాడు. ముప్పై పౌన్లు ఇస్తానన్నాడు. ఆమెకు కత్తి మీద ఆశ లేదు. ఇచ్చేద్దామనుకుంది. ఇంతలో గుడ్డతో తుడిస్తే వెన్ను మీద ఐదు అంకెలు కనిపించాయి. రాసుకుంది. తెలిసినవాళ్ళను అడిగింది. పద్దులో ఆ నంబరు ఎదురుగా ఒక పేరు ఉంది. ఆ పేరు ఆమె తాతగారి తండ్రిది. అతను ఏ యుద్ధంలో ఉన్నాడో సైన్యం కాగితాల్లో దొరికింది. ఇప్పుడు ఆ కత్తి ధర ముప్పై పౌన్లు కాదు. అసలు ఆమె అమ్ముతుందో లేదో కూడా తెలియదు. అది ఇప్పుడు తమవాళ్ళ కత్తి.

ప్రతి నంబరుకూ పేరు దొరకదు. కొన్ని కత్తులను కంపెనీ దుకాణాలకు అమ్మింది. అక్కడి నుంచి ఎవరు కొన్నారో పద్దులో లేదు. అప్పుడు తేదీతోనే సరిపెట్టుకోవాలి.

పేరు ధరను ఎంత పెంచుతుందో చూడాలంటే టిప్పు సుల్తాను కత్తి ఉంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడింది. టిప్పు చనిపోయాడు. అతని పడకగది కత్తిని సైన్యం డేవిడ్ బెయిర్డ్ అనే సేనాపతికి బహుమతిగా ఇచ్చింది. 2023 మే నెలలో లండన్ వేలంలో అది 1 కోటి 40 లక్షల పౌన్లు పలికింది. అంత డబ్బు ఉక్కుకు పోయలేదు, పేరుకు పోశారు. కోట కొల్లగొట్టి తెచ్చిన వస్తువు కదా, అది ఎవరికి చెందాలి? ఈ ప్రశ్న కూడా ఆ కత్తి వెంటే తిరుగుతోంది.

తోమితే పోయేది

ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు వేసి తోముతారు. మెరుస్తుంది. పాత కత్తిని అలా తోమితే దాని పని ఖాళీ.

ఎందుకంటే ఆఫీసరు కత్తి మీది రాత ఉలితో లోతుగా చెక్కినది కాదు. ఆమ్లంతో తినిపించిన రాత. దాని లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్దితే కిరీటం పోతుంది. ఇంకో నాలుగు సార్లు రుద్దితే పేరు పోతుంది. ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి మెరిపించిన కత్తులే ఎక్కువ పాడయ్యాయి. తుప్పు వందేళ్ళలో చేయని పని గరుకు కాగితం పది నిమిషాల్లో చేస్తుంది. 1800 ప్రాంతపు కొన్ని కత్తులకు నీలం రంగు, బంగారు పూత ఉంటాయి. అవి పోతే మళ్ళీ రావు.

తెలిసినవాళ్ళు ఇలా చేస్తారు. మెత్తటి గుడ్డకు కొంచెం పల్చటి నూనె అద్ది తుడుస్తారు. వేళ్ళతో ఉక్కును తాకరు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ముట్టిన చోట వేలి ముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది. తోలు ఒరలో కత్తిని ఎక్కువ కాలం ఉంచరు. తోలు చెమ్మ పీలుస్తుంది. పిడికి చుట్టిన చేప తోలు, తీగ ఊడితే ఊడినట్టే దాచిపెడతారు. అతికించాలని తొందరపడరు.

పాతదిలా కనిపించే కొత్తది

పాత కత్తులకు గిరాకీ ఉంది కాబట్టి కొత్త కత్తులు కూడా వస్తున్నాయి. మన డెహ్రాడూన్‌లో పాత నమూనాల కత్తులు చేసే పనివాళ్ళున్నారు. సినిమాలకు, నాటకాలకు, గోడకు అలంకారానికి అవి వెళ్తాయి. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. మధ్యలో ఎవడో దానికి ఆమ్లం పూసి, తుప్పు పట్టించి, రెండు వందల ఏళ్ళదని అమ్ముతాడు. మోసం అక్కడ జరుగుతుంది.

దాన్ని ఎలా పట్టుకోవాలి? చేత్తో పట్టుకుంటే చాలావరకు తెలుస్తుంది. అసలైన 1796 కత్తి ఉక్కు పిడి దగ్గర మందంగా ఉంటుంది. మొన వైపు వెళ్ళేకొద్దీ బాగా పల్చబడుతుంది. కత్తి మొత్తం బరువు కిలోకు అటూ ఇటూ. చేతిలో తేలికగా తిరుగుతుంది. నకిలీది చాలాసార్లు పిడి నుంచి మొన దాకా ఒకే మందం. రోకలి ఎత్తినట్టుంటుంది. రాతలు కూడా పట్టిస్తాయి. 1796 నమూనా కత్తి మీద వి.ఆర్. అని ఉందనుకోండి. ఆ నమూనా 1821లోనే పోయింది. విక్టోరియా 1837లో రాణి అయింది. అలాంటి కత్తిని చూస్తే అనుమానించాలి. అబద్ధం చెప్పేవాడికి సంవత్సరాల లెక్క రాకపోతే ఇలాగే దొరికిపోతాడు.

చట్టం ఏమంటుంది?

బ్రిటన్‌లో ఇలాంటి పాత కత్తి ఇంట్లో ఉంచుకోవచ్చు. కారణం లేకుండా వీధిలో పట్టుకు తిరిగితే నేరం. 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల అమ్మకాన్ని ఇంగ్లండులో 2008లో నిషేధించారు. వందేళ్ళు దాటిన పాత కత్తులకు మినహాయింపు ఇచ్చారు. చూడండి, కత్తి వయసు చెప్పగలగడం అక్కడ చట్టానికి కూడా కావాలి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఉంది. సర్కారు ప్రకటించిన ప్రాంతాల్లో కత్తికి కూడా లైసెన్సు కావాలి. తాతల నాటి కత్తి ఇంట్లో ఉంటే పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవడం మంచిది. 1972లో పురావస్తువుల చట్టం కూడా చేశారు. దాని ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువును ఎవరూ సొంతంగా విదేశాలకు పంపకూడదు. ఊళ్ళోకి వచ్చి పాత కత్తులు కొనే మనిషి ఈ సంగతి చెప్పడు. పాత ఇనుము లెక్కన కిలోకు ఇంత అని తూకం వేస్తాడు. తూకం వేయకముందే గుడ్డతో తుడిచి, ఏం రాసుందో కాగితం మీద దించుకోవాలి. ఇంగ్లీషు రాకపోయినా గీతను చూసి గీత గీయవచ్చు. బడి చదివే పిల్లలు చదివి చెబుతారు.

చెప్పండి చూద్దాం

ఒక కత్తి మీద కిరీటం, ఇ.ఆర్. అక్షరాలు, ఏడు అంకె ఉన్నాయి. పిడి మీద రెండు బాణాలు మొనలు కలిపి ఉన్నాయి. ఈ కత్తి మీద గుర్తు ఏ రాజుది? ఇది ఇప్పటికీ సర్కారుదేనా?

ఇంకో కత్తికి వెడల్పాటి వంపు ఉక్కు ఉంది. ఉక్కు మీద గిల్ పేరు ఉంది. పిడి మన దేశపు పిడి. ఒర చెక్కది. ఇది ఎక్కడ పుట్టింది? ఎవరి చేతికి వచ్చి ఉంటుంది? ఒర ఎందుకు మార్చారు?

గిల్ 2,650 కత్తులు ఇస్తే 4 పనికిరాలేదు. మరి ఎన్ని మిగిలాయి?

మీ ఇంట్లో అన్నిటికన్నా పాత గిన్నె ఏది? దాని మీద ఏం రాసి ఉందో పలక మీద రాసుకు రండి.